వైట్ రిమ్ రోడ్డు మీద మూడు రోజులు: పర్మిట్ తేదీకి, వాతావరణానికి పొత్తు ఎలా కుదర్చాలి?

ముందు మీ ప్రశ్న రెండు ముక్కల్లో మళ్లీ చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమయ్యేలా. డాలస్ నుంచి రెండు కుటుంబాలు, మీ అమ్మగారు, నాన్నగారితో కలిపి మొత్తం ఏడుగురు. మీ దగ్గర టయోటా రావ్4 కారు ఉంది, మీ ఫ్రెండ్ దగ్గర ఫోర్‌రన్నర్ ఉంది. వచ్చే ఏడాది జులై 4 సెలవుల్లో యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌కి వెళ్లి, వైట్ రిమ్ రోడ్డు మీద రెండు రాత్రులు గుడారాల్లో ఉండాలని మీ ఆలోచన. అప్పటికి ఇండియా నుంచి మీ అమ్మగారు, నాన్నగారు వచ్చి ఉంటారు, వాళ్లనీ తీసుకెళ్దామంటున్నారు. పర్మిట్ నెలల ముందే తీసుకోవాలట, అప్పటికి వానొస్తుందో ఎండ మాడుస్తుందో ఎలా తెలుస్తుంది అన్నది మీ అసలు టెన్షన్.

సూటిగా చెప్పాలంటే: జులైలో వద్దు. సెప్టెంబర్ ఆఖరి వారం నుంచి అక్టోబర్ మూడో వారం లోపు పెట్టుకోండి. ఆ తేదీలకు బుకింగ్ మే 10న తెరుచుకుంటుంది. రావ్4ని హోటల్లో వదిలేసి, పార్కుకు దగ్గర్లోని మోయాబ్ ఊళ్లో ఒక జీప్ అద్దెకు తీసుకోండి. అమ్మగారినీ నాన్నగారినీ కిందికి దింపకండి, పైనుంచి చూపించండి. ఇక వాన సంగతి: పర్మిట్ తీసుకునే రోజున వాతావరణం ఎవరికీ తెలియదు. అందుకే మొదటి రాత్రి క్యాంపు బయటికొచ్చే దారికి దగ్గరలో ఉండేలా బుక్ చేసుకోవాలి. నా పద్ధతంతా దీని చుట్టూనే ఉంటుంది. కారణాలు కింద రాస్తున్నాను, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఆ రోడ్డు ఎలా ఉంటుందో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. పార్కులో ఐలాండ్ ఇన్ ద స్కై అనే ఎత్తైన బల్లపరుపు కొండ ఉంది. దాని మీద తారు రోడ్డు, వ్యూ పాయింట్లు, విజిటర్ సెంటర్ ఉంటాయి. అక్కడికి వెయ్యి అడుగులకు పైగా దిగువన, కొండ చుట్టూ ఒక తెల్లటి ఇసుకరాతి గట్టు ఉంది. మన రోడ్డు ఆ గట్టు మీదే సాగుతుంది. గట్టుకు ఇంకో వెయ్యి అడుగుల కింద ఒకవైపు కొలరాడో నది, ఇంకోవైపు గ్రీన్ నది. పైనుంచి దిగి, చుట్టి, మళ్లీ పైకొచ్చేసరికి సుమారు 100 మైళ్లు. 1950ల్లో యురేనియం వెతుక్కుంటూ వచ్చినవాళ్ల కోసం వేసిన దారి ఇది. ఖనిజం పెద్దగా దొరకలేదు, దారి మిగిలింది. 1964లో పార్కు ఏర్పడింది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: బండి బయటికి రావడానికి ఈ రోడ్డుకు రెండే కొసలున్నాయి. తూర్పున షేఫర్ ట్రైల్, దాని అడుగున కలిసే పొటాష్ రోడ్డు. పడమర మినరల్ బాటమ్ దగ్గర వంకర్లు తిరుగుతూ పైకెక్కే దారి. ఈ రెండింటి మధ్య సుమారు 70 మైళ్ల పాటు వాహనానికి ఇంకో దారి లేదు. గంటకు 10 నుంచి 15 మైళ్ల వేగం దాటదు కాబట్టి, మధ్యలో ఉండగా ఆకాశం నల్లబడితే ఎటు పోయినా సగం రోజు పడుతుంది.

వానంటే ఎందుకింత భయం అంటారేమో. ఏడాది మొత్తం మీద 10 అంగుళాలు కూడా కురవని చోటు అది. కానీ షేఫర్, మినరల్ బాటమ్ రెండు ఎక్కుడు దారులూ చిన్లే అనే రాతి పొరను దాటుకుంటూ వెళ్తాయి. ఆ పొరలో బెంటొనైట్ బంకమట్టి ఉంటుంది. మన కర్నూలు వైపో ఆదిలాబాద్ వైపో నల్లరేగడిలో జల్లు పడ్డాక బండి నడిపిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు తాగి ఉబ్బే గుణం రెండింటికీ ఒకే జాతి ఖనిజం వల్ల వస్తుంది. ఇక్కడ తేడా ఏమిటంటే, జారితే పక్కన చేను ఉండదు, లోయ ఉంటుంది. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా సరే, తడిసిన మినరల్ బాటమ్ వంకర్ల మీద ఎక్కే ప్రయత్నం చేయొద్దంటాను. 2010 ఆగస్టులో ఒక్క తుఫానుకు ఆ వంకర్లు చాలాచోట్ల కొట్టుకుపోయాయి, తిరిగి కట్టేదాకా ఆ దారి మూతపడింది.

ఇక పర్మిట్. రాత్రి ఉండాలంటే క్యాంప్‌సైట్‌తో సహా రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో ముందే బుక్ చేయాలి. ఏడాదిని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో రోజున తెరుస్తారు. మార్చి 10 నుంచి జూన్ 9 వరకు ఉన్న తేదీలు అంతకు ముందు నవంబర్ 10న, జూన్ 10 నుంచి సెప్టెంబర్ 9 వరకు ఉన్నవి ఫిబ్రవరి 10న, సెప్టెంబర్ 10 నుంచి డిసెంబర్ 9 వరకు ఉన్నవి మే 10న, ఆ తర్వాత చలికాలానివి ఆగస్టు 10న. మౌంటెన్ టైమ్ ఉదయం 8కి తెరుస్తారు, అంటే మీ డాలస్‌లో 9. అక్టోబర్ శుక్ర, శనివారాలు కావాలంటే ఆ నిమిషానికి లాగిన్ అయి కూర్చోవాల్సిందే. మంగళ, బుధ, గురువారాలైతే అంత పోటీ ఉండదు. సెలవు రెండు రోజులు ఎక్కువ ఖర్చయినా వారం మధ్యలో వెళ్లడమే నాకిష్టం.

మొత్తం రోడ్డు మీద పది చోట్ల కలిపి 20 క్యాంప్‌సైట్లే ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ అనే క్యాంపులో 4, మర్ఫీ హాగ్‌బ్యాక్, పొటాటో బాటమ్ రెండింట్లో మూడేసి, గూస్‌బెర్రీ, హార్డ్‌స్క్రాబుల్, లాబిరింత్‌లలో రెండేసి, షేఫర్, వైట్ క్రాక్, క్యాండిల్‌స్టిక్, టేలర్‌లలో ఒక్కొక్కటి. అందరూ వైట్ క్రాక్ కోసమే ఎగబడతారు. రోడ్డు నుంచి పక్కకు చీలి గట్టు అంచు దాకా వెళ్లే చోటది, చూపు ఆనినంత మేర లోయలే. దొరికితే అదృష్టం, దొరకలేదని ట్రిప్ మానుకోవద్దు.

ఒక పర్మిట్ మీద 15 మంది, 3 వాహనాల దాకా వెళ్లొచ్చు. బుకింగ్ రుసుం 36 డాలర్లు, అది కాక మనిషికి రాత్రికి 5 డాలర్లు. పార్కు ప్రవేశ రుసుం వేరే. కట్టే ముందు ఆ పేజీలో ఒకసారి చూసుకోండి, రేట్లు మారుతుంటాయి. మానుకుంటే ఆ 36 వెనక్కి రావు. పర్మిట్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి ట్రిప్‌లో ఉండి తీరాలి. ఆఫీసులో సెలవు దొరుకుతుందో లేదో తెలియనివాళ్ల పేరున తీయకండి. ప్రాజెక్ట్ రిలీజ్ ఉందని ఆ ఒక్కడూ ఆగిపోయి, మిగతా అందరి ట్రిప్ రద్దయిన సంగతి నాకు తెలుసు.

ఒక్క రోజులో చుట్టి వచ్చేద్దామనుకునే వాళ్లకు కూడా డే యూజ్ పర్మిట్ వేరే కావాలి, వాటి సంఖ్యకూ పరిమితి ఉంది. షేఫర్ దిగి పొటాష్ రోడ్డు మీదుగా మోయాబ్ వెళ్లిపోవడానికి మాత్రం ఈ పర్మిట్ అక్కర్లేదు. ఇది గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

మే 10 ఉదయం సైట్లు అయిపోయాయని నిరాశ పడకండి. అప్పుడు ఆవేశంగా బుక్ చేసినవాళ్లలో చాలామంది ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో రద్దు చేసుకుంటారు. ఆ సైట్లు మళ్లీ అదే పేజీలో కనిపిస్తాయి. పొద్దున కాఫీతో పాటు ఒకసారి చూసుకుంటూ ఉండండి.

నెలల లెక్క ఇలా ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నాలు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. మన విజయవాడ మే నెల ఎండ మాకు తెలియనిదా అనుకోవచ్చు. కానీ విజయవాడలో నీడ ఉంటుంది, ఫ్యాన్ ఉంటుంది, వీధి చివర మజ్జిగ దొరుకుతుంది. ఇక్కడ వంద మైళ్లలో చెట్టు నీడ లెక్కపెట్టుకోవాలి, తాగే నీళ్లు ఎక్కడా లేవు. విజిటర్ సెంటర్ సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. నది ఒడ్డున ఉన్న పొటాటో బాటమ్ దానికి దాదాపు 2,000 అడుగులు తక్కువ. వెయ్యి అడుగులు దిగితే 3 నుంచి 5 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, విజిటర్ సెంటర్ అంకె చూసి ఫర్వాలేదనుకుంటే కింద వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. నేషనల్ వెదర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద మీరు ఉండబోయే క్యాంపు దగ్గరే నొక్కితే ఆ చోటి ఫోర్‌కాస్ట్ వస్తుంది. ఊరి పేరు కొట్టి చూడొద్దు.

జులై రెండో సగం నుంచి సెప్టెంబర్ సగం దాకా ఇక్కడ కూడా వాళ్ల మాన్‌సూన్ ఉంటుంది. మన ఋతుపవనాల్లా రోజంతా ముసురు పట్టదు. మధ్యాహ్నం ఒక మబ్బు కమ్మి, ఒక లోయ మీద అరగంట కుమ్మరించి వెళ్లిపోతుంది. మీ నెత్తిన చుక్క పడకపోయినా, పైనెక్కడో పడిన నీళ్లు రాతి మీద ఇంకకుండా జారి మీ ముందున్న వాగులోకి ఒక్కసారిగా వస్తాయి. అలా వచ్చినప్పుడు దాటే ప్రయత్నం చేయకుండా, ఎత్తుగా ఉన్న చోట బండి ఆపి కూర్చోండి. చాలాసార్లు కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. బురద ఆరడానికి ఇంకో పూట పడుతుంది.

వసంతకాలం, అంటే ఏప్రిల్, మే, అందరూ మెచ్చేదే కానీ దాని చిక్కులు దానికున్నాయి. గాలి గుడారాన్ని పీకేస్తుంది. ఈస్టర్‌కు ముందు వారం మోయాబ్‌లో జీప్ సఫారీ అనే జీపుల మేళా జరుగుతుంది, 1967 నుంచి ఏటా జరుపుతున్నారు, ఆ వారం ఊళ్లో గది దొరకదు. మే చివర్లో కుట్టే చిన్న దోమల్లాంటి పురుగులు మొదలవుతాయి, చెవుల వెనక, జుట్టులో కుడతాయి. వీటన్నిటికంటే పెద్దది నది. కొండల మీద మంచు కరిగి మే చివర, జూన్ మొదట్లో గ్రీన్ నది పొంగుతుంది. పడమర వైపు, పొటాటో బాటమ్, హార్డ్‌స్క్రాబుల్ దగ్గర రోడ్డు నది ఒడ్డునే వెళ్తుంది కాబట్టి నీళ్లలో మునుగుతుంది. చుట్టు పూర్తి కాదు. గ్రీన్ రివర్ ఊరి దగ్గర యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల నీటిమట్టం కొలమానం ఉంది, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. చలికాలం మంచు ఎక్కువ పడిన ఏడాది అయితే, మే నెలకు నేను తూర్పు వైపు క్యాంపులే తీసుకుని, వచ్చిన దారినే తిరిగి వస్తాను. ఒకసారి అలా గూస్‌బెర్రీలో ఉండగా, పడమర దాకా వెళ్లి నీళ్లు చూసి వెనక్కి తిరిగొచ్చిన ఒక బృందం ఎదురైంది. పాపం, రోజంతా నడిపిన దూరం మళ్లీ నడపాలి, పెట్రోలు సరిపోతుందా లేదా అని వాళ్ల లెక్కలు వాళ్లు వేసుకుంటున్నారు.

చలికాలం గురించి ఎక్కువ రాయను. రాత్రిళ్లు నీళ్ల డబ్బాలు గడ్డకడతాయి, షేఫర్ మీద మంచు పడితే మూసేస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు కాదు.

మిగిలింది దసరా చుట్టుపక్కల రోజులు. పగలు 70ల్లో, రాత్రి 40ల్లో ఉంటుంది, మాన్‌సూన్ సద్దుమణుగుతుంది, నది తగ్గి ఉంటుంది. ఒకే రోజులో 40 డిగ్రీల తేడా రావచ్చు కాబట్టి మధ్యాహ్నం టీషర్ట్, రాత్రి జాకెట్. అక్టోబర్ మూడో వారంలో యూటా స్కూళ్లకు సెలవులుంటాయి, ఆ వారాంతం మోయాబ్ కిటకిటలాడుతుంది, వీలైతే తప్పించండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: మేలో బుక్ చేస్తే అక్టోబర్‌లో వానొస్తే?

రావచ్చు. అక్టోబర్‌లో కూడా రెండు రోజులు ముసురేసే తుఫానులు వస్తాయి. అందుకే క్యాంపుల వరుస ఇలా పెట్టుకోమంటాను. షేఫర్ వైపు నుంచి దిగి, మొదటి రాత్రి ఎయిర్‌పోర్ట్‌లో ఉండండి. పైనుంచి సుమారు 18 మైళ్లు. రెండో రాత్రి మర్ఫీ హాగ్‌బ్యాక్, సుమారు 44వ మైలు, లేదా క్యాండిల్‌స్టిక్, సుమారు 55వ మైలు. చాలామంది మొదటి రోజే ఉత్సాహంగా వీలైనంత దూరం పోవాలని చూస్తారు. నేను దానికి వ్యతిరేకం. ఎయిర్‌పోర్ట్‌లో పడుకుంటే, మరుసటి పొద్దున ఇంకా తాజా ఫోర్‌కాస్ట్ చేతిలో పెట్టుకుని నిర్ణయం తీసుకోవచ్చు. బాగుంటే ముందుకు, లేకపోతే రెండు గంటల్లో పొటాష్ రోడ్డు దాకా వెనక్కి. పర్మిట్ మారదు, డబ్బు ఎక్కువ పడదు, కానీ వాతావరణం చూసుకోవడానికి ఒక రోజు అదనంగా దొరుకుతుంది.

రెండింటిలో ఏదంటే, మర్ఫీ నుంచి దృశ్యం గొప్పగా ఉంటుంది, కానీ ఎత్తు మీద తెరిచి ఉన్న చోటు. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి అక్కడ ఉండాలని నాకు లేదు. రెండూ ఖాళీగా ఉంటే క్యాండిల్‌స్టిక్ తీసుకుంటాను. మూడో రోజు నడపాల్సిన దూరం కూడా తగ్గుతుంది.

తేదీ దగ్గరపడ్డాక నేను చూసే క్రమం ఇది. పది రోజుల ముందు వచ్చే ఫోర్‌కాస్ట్‌ని పట్టించుకోను, అది చూసి వాట్సాప్ గ్రూపులో గోల తప్ప లాభం లేదు. నాలుగు రోజుల ముందు నుంచి, ఈ ప్రాంతాన్ని చూసే గ్రాండ్ జంక్షన్ వెదర్ ఆఫీసు వాళ్లు రాసే ఫోర్‌కాస్ట్ వివరణ చదువుతాను. వాన శాతం అంకె కంటే, ఏ వైపు నుంచి వస్తోంది, ఎన్ని గంటలు ఉంటుంది, ఎంత నమ్మకంగా చెప్తున్నారు అన్నది అందులో ఉంటుంది. ముందు రోజు పార్కు వాళ్లకు ఫోన్ చేసి, ఫలానా చోట ఫలానా రోజు ఉంటాం, రోడ్డు ఎలా ఉందని అడుగుతాను. రేంజర్ వద్దంటే అక్కడితో సరి, వాదన లేదు.

దిగే రోజు పొద్దున: మొదటి రోజే వాన ఉంటే దిగను. రెండో రోజు ఉంటే ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లి చూస్తాను. మూడో రోజు ఉంటే, అది మినరల్ బాటమ్ ఎక్కే రోజు కాబట్టి, రెండో రోజు మధ్యాహ్నానికే పైకొచ్చేయగలనా, లేక ఆరేదాకా కింద ఇంకో రాత్రి ఆగగలనా అని చూసుకుంటాను. రెండూ కాదంటే రెండో రోజు ముందుకు పోను. రెండు రాత్రుల ట్రిప్‌కు మూడు రాత్రుల తిండి, నీళ్లు ఉండాలి. సోమవారం పొద్దున మీటింగ్ పెట్టుకోకూడదు. తొందరలో తడి మట్టి ఎక్కేవాళ్లలో ఎక్కువమంది ఆఫీసుకు టైమవుతోందనే ఎక్కుతారు.

ఒక అక్టోబర్‌లో ఎయిర్‌పోర్ట్‌లో ఉండగా రాత్రి శాటిలైట్ మెసెంజర్‌లో (ఫోన్ సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) తెప్పించుకున్న ఫోర్‌కాస్ట్ మారిపోయింది. మర్నాడు మధ్యాహ్నం నుంచి వాన, ఆ తర్వాత రోజు కూడా. పొద్దున్నే ఉప్మా తినేసి, సామాను సర్దుకుని పొటాష్ రోడ్డు మీదుగా మోయాబ్ వచ్చేశాం. నాతో వచ్చినవాళ్లలో ఇద్దరికి నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మోయాబ్‌లో పెద్దగా పడలేదు కూడా, దాని గురించి నన్ను ఇప్పటికీ దెప్పుతుంటారు. అదే ఫోర్‌కాస్ట్ మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను. దిగువన ఇరుక్కుంటే బండిని లాగించడానికి వెయ్యి డాలర్లు దాటుతుంది, అది కూడా లాగే బండి కిందికి రాగలిగితే.

వాన వల్ల దిగలేకపోతే రోజులు వృథా కావు. తారు రోడ్ల మీదే డెడ్ హార్స్ పాయింట్, గ్రాండ్ వ్యూ పాయింట్, ఆర్చెస్ పార్కు ఉన్నాయి. మట్టి ఆరాక, షేఫర్ దిగి పొటాష్ మీదుగా ఒక్క పూటలో రావచ్చు, దానికి పర్మిట్ అక్కర్లేదని పైన చెప్పాను కదా.

బండి. ఈ రోడ్డుకు నేల నుంచి ఎత్తు ఎక్కువ, లో రేంజ్ (బండిని నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ కావాలని పార్కు వాళ్లు స్పష్టంగా చెప్తారు. రావ్4 నేల నుంచి ఎత్తు ఫర్వాలేదు, సుమారు 8 అంగుళాలు ఉంటుంది. లేనిది లో రేంజ్. ఆల్ వీల్ డ్రైవ్ అని వెనక అంటించి ఉన్నా అది వేరు, ఇది వేరు. షేఫర్ దిగేటప్పుడు, హార్డ్‌స్క్రాబుల్, మర్ఫీ దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఆపాలి. బ్రేకుల మీదే దిగితే కాసేపటికి వేడెక్కి పట్టు తప్పుతాయి. మీ ఫ్రెండ్ ఫోర్‌రన్నర్‌లో లో రేంజ్ మీటా గేరో ఉందో లేదో చూడమనండి, టూ వీల్ డ్రైవ్ ఫోర్‌రన్నర్లు కూడా అమ్ముతారు, టెక్సాస్‌లో బాగానే కనిపిస్తాయి. విమానాశ్రయంలో తీసుకునే మామూలు అద్దె ఎస్‌యూవీతో వద్దు. తారు వదిలితే చాలావాటి ఒప్పందం, ఇన్సూరెన్స్ చెల్లవు. మోయాబ్‌లో ఆఫ్ రోడ్డుకే జీపులు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. వైట్ రిమ్ మీద రాత్రులు ఉంటామని ముందే చెప్పి, ఒప్పందంలో అనుమతి ఉందో లేదో చదువుకోండి. ఏటీవీలు, సైడ్ బై సైడ్‌లు లాంటి చిన్న ఆఫ్ రోడ్డు బండ్లు ఈ రోడ్డు మీద నిషేధం.

టైర్లలో గాలి 20 నుంచి 25 పీఎస్ఐకి దించితే రాళ్ల మీద కుదుపు తగ్గుతుంది, పంక్చర్లూ తగ్గుతాయి. మళ్లీ నింపడానికి చిన్న కంప్రెసర్ ఉండాలి. స్పేర్ టైర్ పూర్తి సైజుది కావాలి. మాతో వచ్చిన ఒక బండికి పదునైన రాయి తగిలి టైరు పక్క గోడ చీలింది. దానికి ప్యాచ్ పనికిరాదు. ఆ బండిలో ఉన్నది సన్నటి తాత్కాలిక స్పేర్ అయి ఉంటే ఆ పూట అక్కడే ఆగిపోయేవాళ్లం. మోయాబ్‌లో ట్యాంకు నిండా కొట్టించండి. మోయాబ్ నుంచి మళ్లీ మోయాబ్‌కి 150 మైళ్లు దాటుతుంది, లో రేంజ్‌లో మైలేజ్ బాగా పడిపోతుంది.

ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ అద్దెకైనా తీసుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతివాటిలో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది, కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

నీళ్లు, తిండి. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్. కిందికి దిగే ఐదుగురికి నాలుగు రోజుల లెక్కన 20, వంటకూ చేతులు కడుక్కోవడానికీ కలిపి 25 గ్యాలన్లు పెట్టుకోండి. ఒకే పెద్ద డబ్బాలో కాకుండా రెండు బండ్లలో నాలుగైదు డబ్బాలుగా పంచండి. మొదటి రోజుకు పులిహోర ఇంటి నుంచే చేసుకుపోవచ్చు. తర్వాత కిచిడీ, ఉప్మా లాంటి ఒక్క గిన్నె వంటలు. ఆ ఎత్తులో మూత పెట్టి అన్నం వండితే పలుకుగా ఉండిపోతుంది, చిన్న కుక్కర్ తీసుకెళ్లండి. కట్టెల మంట వేయకూడదు, గ్యాస్ స్టవ్ తీసుకెళ్లండి. క్యాంపుల దగ్గర మరుగుదొడ్లు ఉన్నాయి కానీ నీళ్లు ఉండవు, చెత్తబుట్టలు ఉండవు. మెతుకుతో సహా వెనక్కి మోసుకురావాలి. పిల్లలకు ఒక్కటి చెప్పండి: రోడ్డు పక్కన నేల మీద నల్లగా గరుగ్గా కనిపించే పొర ప్రాణమున్నది, అడుగు పడితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. డ్రోన్ ఇంట్లో పెట్టేయండి, నేషనల్ పార్కుల్లో ఎగరేయకూడదు.

అమ్మగారు, నాన్నగారి విషయం. అరవై దాటినవాళ్లు వెళ్లలేరని కాదు. కానీ మూడు రోజులు నడుం కుదుపు, నేల మీద పడక, సాయం అందడానికి గంటలు పట్టే చోటు. వాళ్లకు బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయని మీరే రాశారు. మోయాబ్‌లో మంచి హోటల్ తీసుకుని, మీరు దిగేముందు రోజు వాళ్లతో గ్రీన్ రివర్ ఓవర్‌లుక్, గ్రాండ్ వ్యూ పాయింట్ చూడండి. మీరు నడపబోయే రోడ్డు పైనుంచి దారంలా కనిపిస్తుంది. రెండు కుటుంబాల్లో ఒకరు వాళ్ల దగ్గర ఆగితే మీ పర్మిట్ లెక్క కూడా తేలికవుతుంది. ఇంకా ఇష్టమైతే షేఫర్–పొటాష్ ఒక్క పూట తిప్పి తీసుకురండి, చాలు.

జులై 4కే ఎక్కడికైనా వెళ్లాలంటే ఎడారి మానేసి కొలరాడోలో సాన్ హ్వాన్ కొండల వైపు వెళ్లండి. అప్పటికి పైదారులు చాలావరకు తెరుచుకుని ఉంటాయి, చల్లగా ఉంటుంది. అక్కడి జీపు దారుల గురించి వేరే ప్రశ్న పెడితే విడిగా రాస్తాను. వైట్ రిమ్‌కైతే మే 10కి ముందు ఎంతమంది వస్తున్నారో, వారంలో ఏ రోజులు కుదురుతాయో తేల్చుకుని ఇక్కడే రాయండి. ఎయిర్‌పోర్ట్ దొరక్కపోతే ఏ క్యాంపు తర్వాత ఏది పెట్టుకోవాలో చూసి చెప్తాను.